ఎక్స్‌ప్రెస్‌వే అంటే ఎన్ని వరసలని కాదు, ఎన్ని దారులు మూశారని అడగాలి

సంపాదకులకు నమస్కారం.

నాలుగు వరసల రోడ్డు ఆరు వరసలైతే చాలు, పత్రికల్లోనూ సభల్లోనూ దాన్ని ఎక్స్‌ప్రెస్‌వే అనేస్తున్నారు. పేరుతో పేచీ పడటానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ పేరు నమ్మి బండి నడిపేవాడికి, ఆ రోడ్డు పొలం మధ్యలోంచి పోయే రైతుకు ముందే తెలియాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. బెంగళూరు–కడప–విజయవాడ కారిడార్ పనులు సాగుతున్నాయి. రాయ్‌పూర్–విశాఖపట్నం దారి మన వైపు సబ్బవరం దాకా వస్తోంది. హైదరాబాద్ రీజినల్ రింగ్ రోడ్డు, అమరావతి ఔటర్ రింగ్ రోడ్డు భూసేకరణ గొడవల్లో ఉన్నాయి. తారు పడ్డాక మార్చలేనివాటి గురించి మాట్లాడుకోవడానికి ఇదే అదను.

జాతీయ రహదారికీ ఎక్స్‌ప్రెస్‌వేకీ అసలు తేడా వెడల్పులో లేదు. జాతీయ రహదారి మీదికి ఏ ఊరి సందు నుంచైనా ఎక్కవచ్చు. డివైడర్‌కు ఎక్కడో ఒక గండి ఉంటుంది, పెట్రోలు బంకు నేరుగా రోడ్డు మీదికే తెరుచుకుంటుంది. ఎక్స్‌ప్రెస్‌వే మీదికి ఇంటర్‌ఛేంజ్ దగ్గర తప్ప ఎక్కకూడదు, దిగకూడదు. రెండు వైపులా కంచె ఉండాలి, అడ్డంగా దాటే దారి ఒక్కటీ ఉండకూడదు. తెలుగువాళ్లకు బాగా తెలిసిన ఉదాహరణ హైదరాబాద్ ఔటర్. 158 కిలోమీటర్లు, ఎనిమిది వరసలు, పక్కనే విడిగా సర్వీసు రోడ్డు, టూవీలర్లకు ప్రవేశం లేదు, ఎక్కినచోటి నుంచి దిగినచోటి దాకా ఎంత దూరమో అంతకే టోల్. దేశంలో మొదటి ఆరు వరసల ఎక్స్‌ప్రెస్‌వే అయిన ముంబయి–పుణె 94.5 కిలోమీటర్ల దారిని 2002లో పూర్తిగా తెరిచారు. ఆ తర్వాత 2012లో 165 కిలోమీటర్ల యమునా, తర్వాత 302 కిలోమీటర్ల ఆగ్రా–లఖ్‌నవూ, 2025 జూన్‌లో ఆఖరి ముక్కతో పూర్తయిన 701 కిలోమీటర్ల సమృద్ధి మహామార్గ్ వచ్చాయి. ఇవన్నీ మూసిన రోడ్లే, అంటే పక్కదారులన్నీ మూసినవి. వాజ్‌పేయీ హయాంలో మొదలైన స్వర్ణ చతుర్భుజి 5,846 కిలోమీటర్లు మాత్రం వేరే జాతి. మన పాత 5వ నంబరు, ఇప్పటి 16వ నంబరు రహదారి అందులో భాగమే. అది వెడల్పు చేసిన పాత రోడ్డు. ఊళ్లు దాని ఒడ్డునే ఉన్నాయి, ఉంటాయి.

ఈ తేడా ఎక్కడ ప్రాణం మీదికి వస్తుందో బెంగళూరు–విజయవాడ లెక్కలోనే కనిపిస్తుంది. మొత్తం దారి 518 కిలోమీటర్లని చెబుతున్నారు. అందులో కొత్తగా పొలాల మీదుగా వేసే గ్రీన్‌ఫీల్డ్ ముక్క, శ్రీ సత్యసాయి జిల్లా కొడికొండ నుంచి అద్దంకి దగ్గరి ముప్పవరం దాకా, సుమారు 343 కిలోమీటర్లు. మిగిలిన 175 కిలోమీటర్లు పాత రోడ్లే. బెంగళూరు నుంచి కొడికొండ దాకా 44వ నంబరు, ముప్పవరం నుంచి విజయవాడ దాకా 16వ నంబరు. అంటే మూసిన రోడ్డు మీద మూడున్నర గంటలు కాలు తీయకుండా వచ్చిన డ్రైవరు ముప్పవరం దగ్గర ఒక్కసారిగా తెరిచిన రోడ్డు మీద పడతాడు.

అలా పడినప్పుడు కన్ను మోసం చేస్తుంది. గంటల తరబడి 120లో నడిపినవాడికి 80 చాలా నెమ్మదిగా అనిపిస్తుంది. స్పీడోమీటరు చూడకపోతే తగ్గించానని నమ్ముతూనే వందలో పోతుంటాడు. 120 అంటే సెకనుకు 33 మీటర్లు. అడ్డం కనిపించి, మెదడుకు తోచి, కాలు బ్రేకు మీదికి చేరేసరికి డిజైన్ లెక్కల్లో రెండున్నర సెకన్లు పడుతుందని అనుకుంటాం. అప్పటికే 83 మీటర్లు పోయాయి. ఆ తర్వాత బ్రేకు పట్టి ఆగడానికి ఇంకో 162. మొత్తం 245 మీటర్లు, గుండ్రంగా 250. అదే 80లో అయితే 127 మీటర్లు చాలు. అందుకే ఎక్స్‌ప్రెస్‌వే డిజైన్‌లో ఏ మలుపులోనైనా, ఏ మిట్ట మీదనైనా కనీసం పావు కిలోమీటరు ముందు దాకా రోడ్డు కనిపించాలని నియమం. ముప్పవరం తర్వాత ఊళ్ల దగ్గర ఆ పావు కిలోమీటరు దొరకదు. జంక్షన్లో గేదె అడ్డం వస్తుంది, రాంగ్‌రూట్లో ఆటో ఎదురొస్తుంది.

దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. మూసిన రోడ్డు ముగియడానికి రెండు కిలోమీటర్ల ముందు నుంచే 100, 80 బోర్డులు విడతలుగా పెట్టాలి. అడ్డచారలు దగ్గర దగ్గరగా వస్తున్నట్టు గీయాలి, వాటి మీద చక్రం పోతుంటే చప్పుడు, అదురు రెండూ తెలిసేంత మందంగా. చివరి టోల్‌గేట్‌ను పాత రోడ్డులో కలిసేచోటికి ఇవతల పెడితే ఎలాగూ అందరూ ఆగుతారు, వేగం అక్కడే విరుగుతుంది. గేటు ఎక్కడ పెట్టాలో భూమి చవగ్గా దొరికినచోటును బట్టి తేల్చడం మన అలవాటు. ఈ ఒక్క చోట ఆ అలవాటు మానుకోవాలి.

ఇక కంచె సంగతి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 61,038 మంది జాతీయ రహదారుల మీదే. మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారుల వాటా 2 శాతం చుట్టూ ఉంటుంది, చావుల్లో వాటా 36 శాతం. వేగం ఒక్కటే కారణమైతే అన్ని వేగపు రోడ్లూ ఒకేలా చంపాలి. వేగంగా పోయేదీ, నెమ్మదిగా పోయేదీ, నిలబడి ఉన్నదీ ఒకే తారు మీద కలవడం అసలు జబ్బు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర 44వ నంబరు రహదారి మీద జరిగింది గుర్తు చేసుకోండి. అంతకుముందే ప్రమాదమై రోడ్డు మీద పడి ఉన్న మోటారుసైకిలు చీకట్లో ప్రైవేటు బస్సు కిందికి పోయింది, బస్సు దాన్ని ఈడ్చుకెళ్లింది, మంటలు లేచాయి. తప్పెవరిదో తేల్చడం కోర్టుల పని. రోడ్డు వైపు నుంచి చూస్తే మాత్రం ఒకటి స్పష్టం. టూవీలరు ఎక్కడానికి వీల్లేని రోడ్డు మీద ఆ ఘటన మొదలయ్యే అవకాశమే ఉండదు.

అయితే టూవీలరు ఎక్కకుండా ఆపేది కంచె కాదు. ఇది కాస్త విడమర్చి చెప్పాలి, ఎందుకంటే ప్రాజెక్టు రిపోర్టులన్నీ ఇక్కడే తడబడతాయి.

ఒక రైతు ఇల్లు రోడ్డుకు ఇవతల, పొలం అవతల, మధ్య దూరం 300 మీటర్లు అనుకోండి. అండర్‌పాస్ కిలోమీటరున్నర దూరంలో ఇచ్చారు. ఇంటి నుంచి అక్కడికి కిలోమీటరున్నర, దాటాక వెనక్కి పొలానికి కిలోమీటరున్నర. పోను మూడు, రాను మూడు, రోజుకు ఆరు కిలోమీటర్లు. పొద్దున పాలు తీయడానికి ఒకసారి, సాయంత్రం మోటారు వేయడానికి ఒకసారి అంటే పన్నెండు. ఏ మనిషీ ఏడాది పొడవునా ఇంత చుట్టు తిరగడు. ఆర్నెల్లలో కంచె తీగ తెగుతుంది. క్రాష్ బారియర్ కింద నుంచి మనిషి దూరేంత సందు పడుతుంది. ఏడాదికల్లా ఆ సందు ముందు మట్టి ర్యాంపు, తర్వాత మోటారుసైకిలు చక్రపు జాడ. మూడేళ్లలో ఆ అర కిలోమీటరులో ఐదు తీవ్రమైన ప్రమాదాలో పది చావులో నమోదైతే అప్పుడు దాన్ని బ్లాక్ స్పాట్ అని లెక్కకట్టి, టెండరు పిలిచి, అండర్‌పాస్ కడతారు. మొదటే కట్టాల్సింది, మొదటే కట్టాల్సిన చోట. ఈ కథ పాత 9వ నంబరు, ఇప్పటి 65వ నంబరు హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద చూశాం. నాలుగు వరసలు చేసిన తర్వాత ఏళ్లకు ఒక్కో జంక్షన్ దగ్గరా అండర్‌పాస్ కోసం తవ్వుతూనే ఉన్నారు.

అండర్‌పాస్ ఇచ్చామని చెప్పడంతో కూడా పని కాదు. దాని ఎత్తు అడగండి. పెద్ద వాహనాల అండర్‌పాస్‌కు నిలువు ఖాళీ 5.5 మీటర్లు, చిన్న వాహనాలకు 4 మీటర్లు. డ్రాయింగులో చిన్న వాహనమంటే కారు, ఆటో. పల్లెలో చిన్న వాహనమంటే వరిగడ్డి మోపు కట్టిన ట్రాక్టరు ట్రక్కు. కట్టు సరిగా కడితే అది 4 మీటర్లు దాటుతుంది. వరికోత మిషన్‌ను లారీ మీద ఎక్కించి తెస్తే అదీ పట్టదు. పత్తి బోరాల లారీ, మిర్చి టిక్కీల లారీ పైవరసను గీకుకుంటూ పోతుంది. కాబట్టి ఏ ఊరికి ఏ సైజు అన్నది జనాభాను బట్టి కాకుండా ఆ ఊళ్లో పండే పంటను బట్టి తేల్చాలి. వరి, పత్తి, మొక్కజొన్న పండే ఊళ్లో 4 మీటర్ల పెట్టె పనికిరాదు.

రెండోది నేల మట్టం. అండర్‌పాస్ పైన రోడ్డు ఎంత ఎత్తులో ఉండాలంటే కింద ఖాళీ, దాని మీద స్లాబు, ఆ పైన రోడ్డు పొరలు అన్నీ కలిపి. 4 మీటర్ల ఖాళీకి కట్ట ఐదు మీటర్ల పైచిలుకు లేవాలి. ఆరు వరసల కట్ట 45–50 మీటర్ల వెడల్పు ఉంటుంది. కట్ట ఎత్తు మీటరు తగ్గితే కిలోమీటరుకు 45–50 వేల ఘనపు మీటర్ల మట్టి మిగులుతుంది. ఇంత ఆదా కనిపిస్తుంటే కాంట్రాక్టరు కన్ను ఎటు పోతుందో చెప్పక్కర్లేదు. కట్ట లేపడానికి బదులు అండర్‌పాస్ నేలను మీటరు లోతుకు దించేస్తారు. కాగితం మీద 4 మీటర్లు ఉన్నట్టే. తొలకరి పడ్డ రోజున మోకాటి లోతు నీళ్లు. అప్పుడు ఒక గుంత తవ్వి మోటారు పెడతారు. మోటారుకు కరెంటు బిల్లు ఎవరు కట్టాలన్నది పంచాయతీకీ రహదారి సంస్థకూ మధ్య తేలదు. రెండో ఏడు మోటారు కాలిపోతుంది. స్కూలు పిల్లల ఆటో, గర్భిణిని తెచ్చే అంబులెన్సు, పాల వ్యాను అన్నీ ఆ నీటి ముందు ఆగి, కంచె సందు వైపు చూస్తాయి.

అండర్‌పాస్ నేల చుట్టుపక్కల పొలం గట్టు కంటే కనీసం జానెడు ఎత్తులో ఉండాలి. వీల్లేకపోతే, నీరు మోటారు అక్కర్లేకుండా తనంతట తాను పారేందుకు దగ్గర్లో ఇంకా పల్లంలో ఉన్న వాగు దాకా కాలువ ఉండాలి. ఈ రెండింట్లో ఏదో ఒకటి డ్రాయింగులో చూపించమని గ్రామసభలో అడగవచ్చు. కాంక్రీటు పెట్టె పోయకముందు అడిగితే అరపూట పని, పోశాక అడిగితే కోటి రూపాయల పని.

కట్ట మాట వచ్చింది కనుక నీళ్ల గురించి. రాయలసీమ, ప్రకాశం వాగులు పది నెలలు ఎండి పడుకుని, ఒక్క వానకు మనిషి లోతున పారతాయి. ఎండాకాలంలో సర్వే చేసిన కన్సల్టెంటుకు అక్కడ పల్లం తప్ప ఏమీ కనబడదు, ఒక తూము గీసి ఊరుకుంటాడు. పొలాల మధ్య అడ్డంగా ఐదు మీటర్ల ఎత్తున లేచిన కట్ట మీద బళ్లు పోతాయన్నది మనిషి చూపు. నీటి చూపులో అది ఆనకట్టే. కొత్త రోడ్లలో పైపు తూముకైనా కనీసం 1.2 మీటర్ల వ్యాసం ఉండాలని మాన్యువల్ చెబుతుంది. కంపచెట్లు, ప్లాస్టిక్ కొట్టుకొచ్చే వాగుకు పైపు అసలే వద్దు, మనిషి వంగి దూరి పూడిక తీయగల పెట్టె తూము ఉండాలి. మన దగ్గర ఇంకో చిక్కు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది. ఆ అలుగు వాగు మీద రోడ్డు పడి తూము రెండు వందల మీటర్లు పక్కకు జరిగితే, పై ఊరి పొలం మునుగుతుంది, కింది ఊరి చెరువు ఎండుతుంది. ఒకే తప్పుకు రెండు ఊళ్లు కోర్టుకెక్కుతాయి. ఆ వాగు ఎటు నుంచి ఎటు పారుతుందో చెప్పగలిగేది ఉపగ్రహం కాదు, ఊరి నీరటికాడు. కర్ర పాతి గరిష్ఠ నీటి గుర్తు చూపించగల ముసలివాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. సర్వే వాళ్లు వాళ్లను అడగాలి, అడిగినట్టు సంతకం తీసుకోవాలి.

మట్టి విషయంలో నియమాలు గట్టిగానే ఉన్నాయి. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. ఉబ్బే గుణం 50 శాతం దాటిన మట్టిని కట్టలో వాడకూడదు. మట్టిని పొరలు పొరలుగా, రోలరు తిరిగాక 200 మిల్లీమీటర్లకు మించకుండా వేయాలి. మరీ పొడిగా ఉంటే అణగదు, మరీ తడిగా ఉంటే రోలరు కింద రబ్బరులా ఊగుతుంది. ప్రయోగశాలలో వచ్చే గరిష్ఠ బిగువుతో పోలిస్తే కట్టలో 95 శాతం, తారు పొరలకు కింద ఉండే ఆఖరి అర మీటరులో 97 శాతం బిగువు రావాలి. గుంత తీసి, ఆ గుంతలో ఎంత ఇసుక పడుతుందో తూచి ఈ బిగువు లెక్కకడతారు. ప్రతి పొరకూ ఈ పరీక్ష ఉంది, రిజిస్టరు ఉంది. మట్టి పోసిన తేదీ, పరీక్ష తేదీ, పై పొర తేదీ ఒకే రోజున ఉంటే ఆ రిజిస్టరు గదిలో కూర్చుని రాసిందేమోనని అనుమానించాలి.

బ్రిడ్జి ఎక్కేచోట, దిగేచోట బండి 'దబ్'మని ఎగరడం మనందరికీ అనుభవమే. గోడ వెనక మూలల్లోకి పెద్ద రోలరు పోలేదు. అక్కడ చేతి మిషన్‌తో పలచటి పొరలుగా కొట్టాలి, గ్రావెల్ కలిసిన మట్టే పోయాలి. తొందరలో దొరికిన మట్టి దొర్లించేస్తారు. బ్రిడ్జి దిగదు, మట్టి దిగుతుంది. తేడా రెండు అంగుళాలైనా 120లో పోయే కారుకు అది గోతితో సమానం.

అసలు మట్టి కింద ఉన్న నేలే మెత్తనైతే ఏమవుతుందో కేరళ చూపించింది. 2025 మే 19న మలప్పురం జిల్లా కూరియాడ్ దగ్గర 66వ నంబరు రహదారి కొత్త కట్ట కూలి సర్వీసు రోడ్డు మీద పడింది. వరిమడి మీద అంత ఎత్తు కట్ట నిలబెట్టారు, కింది నేల ఆ బరువు మోయలేక పక్కకు జారింది. మన కృష్ణా డెల్టాలో, తెనాలి పరిసరాల్లో, కొల్లేటి అంచుల్లో నేల ఇంతకంటే గట్టిదేమీ కాదు. సుమారు 190 కిలోమీటర్ల అమరావతి ఔటర్ ఇలాంటి భూముల మీదుగానూ పోవాలి. మెత్తని బంకమట్టిలోని నీటిని పిండటానికి పద్ధతులున్నాయి. మీటరు, మీటరున్నర ఎడంలో ప్లాస్టిక్ డ్రెయిన్లు నిలువుగా గుచ్చి, పైన అదనపు మట్టి బరువు పెట్టి, నేల దిగిపోయేదాకా నెలల తరబడి ఆగాలి. లేదా రాతి స్తంభాలు దించాలి. అదీ కుదరకపోతే కట్ట మానేసి స్తంభాల మీద వంతెన వేయాలి. మొదటి పద్ధతి చవక, కానీ దానికి కావాల్సింది కాలం. ప్రారంభోత్సవం తేదీ ముందే ప్రకటించిన ప్రాజెక్టులో డబ్బు దొరుకుతుంది గానీ కాలం దొరకదు.

పై పొరల గురించి ఎక్కువ చెప్పను, పాఠకులకు కనిపించేది అదే కనుక దాని మీద ఎలాగూ అందరి కళ్లూ ఉంటాయి. ఒక్క మాట. తారు మిశ్రమం ప్లాంటులో 150–170 డిగ్రీల మధ్య తయారై, పరిచేటప్పటికి 140–150కి తగ్గకుండా ఉండాలి. 90–100కి చల్లారేలోపు రోలింగు అయిపోవాలి. టార్పాలిన్ కప్పకుండా యాభై కిలోమీటర్లు వచ్చిన టిప్పరులోని మిశ్రమం పైన గట్టి పెంకు కట్టి ఉంటుంది. అది అలాగే పరిస్తే గడ్డల చుట్టూ ఖాళీలు మిగులుతాయి, మొదటి వానకు ఆ ఖాళీల్లో నీరు నిలిచి కంకర ఊడుతుంది. సిమెంటు రోడ్డయితే పలకల మధ్య గాడి కోయడం ఆలస్యమైతే కాంక్రీటు తనకు నచ్చినచోట తానే పగులుతుంది. మే నెల ఎండలో ఆ గడువు కొన్ని గంటలే. రాత్రి పోసి తెల్లారేసరికి కోయడం మంచి పద్ధతి.

ఇంత జాగ్రత్తగా వేసిన రోడ్డును ఎవరు తింటారు? కార్లు కాదు. ఇరుసు బరువు పెరిగేకొద్దీ రోడ్డుకు జరిగే నష్టం సుమారు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 2018 జులైలో కేంద్రం నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు అనుమతించిన బరువును 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. పెరిగింది 13 శాతమేగా అనిపిస్తుంది. 1.13ను నాలుగుసార్లు గుణించి చూడండి, నష్టం 1.6 రెట్లు. అదే ఇరుసు మీద 15 టన్నులు వేస్తే పాత పరిమితితో పోలిస్తే నాలుగున్నర రెట్ల పైమాటే. ఇరవై ఏళ్లకు లెక్కకట్టిన రోడ్డు ఐదారేళ్లకే చక్రాల బాటలో కాలువలా కుంగడానికి వేరే రహస్యం లేదు.

ముప్పవరం కొత్త రోడ్డుకు గ్రానైటు గనులున్న చీమకుర్తి ఎంతో దూరం కాదు. గ్రానైటు ఘనపు మీటరు మూడు టన్నులకు దగ్గరగా తూగుతుంది. మూడు మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు, మీటరున్నర ఎత్తు ఉన్న ఒక్క దిమ్మె 24 టన్నుల దాకా ఉంటుంది. దిమ్మెను ముక్క చేసి బరువు తగ్గించలేరు, తగ్గిస్తే ధర పోతుంది. ట్రైలరుకు ఇరుసులు పెంచుకోవాల్సిందే. చట్టంలో అధిక లోడుకు 20 వేల రూపాయల జరిమానా, మీదున్న ప్రతి టన్నుకూ రెండేసి వేలు, పైగా అదనపు సరుకు దించాకే బండి కదలాలి అని ఉంది. దించడానికి క్రేనెక్కడ, యార్డెక్కడ? అందుకే జరిమానా రాసి బండిని అదే లోడుతో పంపేస్తారు. మూసిన రోడ్డుకు ఉన్న పెద్ద సౌకర్యం ఇక్కడే పనికొస్తుంది. ఎక్కే దారులు కొన్నే కనుక ప్రతి ఎంట్రీ దగ్గరా కదులుతుండగానే తూచే కాటా పెట్టి, లోడు ఎక్కువైన బండిని రోడ్డెక్కకుండానే వెనక్కి తిప్పవచ్చు. ఎక్కాక పట్టుకుని ప్రయోజనం లేదు.

రోడ్డు పక్కన ఆగిన లారీ ఎక్స్‌ప్రెస్‌వేలకు పెద్ద గండం. హైదరాబాద్ ఔటర్ మీద వెనక నుంచి ఢీకొన్న ప్రమాదాలు ఎన్ని చదవలేదు! డ్రైవరు నిద్రొచ్చి ఆపుతాడు, తిండికి ఆపుతాడు, టైరు చూసుకోవడానికి ఆపుతాడు. ఆపొద్దని బోర్డు రాస్తే నిద్ర ఆగదు. 2022 డిసెంబరులో సమృద్ధి మార్గాన్ని నాగ్‌పూర్–శిర్డీ మధ్య 520 కిలోమీటర్లు తెరిచినప్పుడు దారిలో చాలినన్ని బంకులు, తిండి, మరుగుదొడ్లు లేవు. కొత్త రోడ్డుకు లారీలు నిలిపే చోట్లు, స్నానానికి నీళ్లు, నులక మంచాలు ఉన్న ఆవరణలు రోడ్డుతో పాటే తెరవాలి. నులక మంచం అన్నది వెటకారం కాదు. నాలుగు గంటలు నడుం వాల్చిన లారీ డ్రైవరు వెనకొచ్చే కార్ల వాళ్లకు చేసే మేలు ఏ కెమెరా చేయలేదు.

కార్ల వాళ్లకు రెండు మాటలు. ఎండాకాలం టైరులో గాలి తగ్గించాలన్నది తప్పు. గాలి తగ్గితే టైరు పక్కగోడ ప్రతి తిరుగుడుకూ ఎక్కువగా నలిగి వేడెక్కుతుంది, పేలేది అందుకే. కంపెనీ చెప్పిన అంకె టైరు చల్లగా ఉన్నప్పుడు కొలిచి పెట్టుకోవాలి. టైరు గోడ మీద నాలుగంకెల ముద్ర చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. పూలు బాగానే ఉన్నా రబ్బరు ముసలిదైపోయి ఉంటుంది. రోడ్డు మీద బండి ఆగిపోతే మనుషులంతా బారియర్ అవతలికి వెళ్లి నిలబడి జాతీయ రహదారుల సహాయ నంబరు 1033కు ఫోన్ చేయాలి. బండిలో కూర్చునే ఎదురుచూడకూడదు.

చివరగా భూమి నోటీసుల విషయం, ఇది నేరుగా మీ పత్రికకు సంబంధించింది. 1956 నాటి జాతీయ రహదారుల చట్టం కింద భూమి కావాలన్న మొదటి నోటిఫికేషన్ 3ఎ. దాని సారాంశాన్ని రెండు స్థానిక పత్రికల్లో, ఒకటి స్థానిక భాషలో, వేయాలి. గెజిట్‌లో వచ్చిన నాటి నుంచి 21 రోజుల్లో అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ తర్వాత 3డి ప్రకటన వస్తే భూమి కేంద్రానిది అయిపోతుంది. 3ఎ వచ్చిన ఏడాదిలోగా 3డి రాకపోతే మొదటి నోటిఫికేషన్ చెల్లదు, కోర్టు స్టే ఉన్న కాలం మినహా. పరిహారానికి 2015 జనవరి 1 నుంచి 2013 చట్టం లెక్కలు వర్తిస్తాయి. మార్కెట్ విలువను పల్లెల్లో రాష్ట్రం నిర్ణయించిన గుణకంతో హెచ్చించి, దానికి చెట్లు, బోర్లు, కట్టడాల విలువ కలిపి, మొత్తానికి నూరు శాతం సొలేషియం, అంటే ఓదార్పు సొమ్ము. చాలదనుకుంటే ఆర్బిట్రేటరు దగ్గరికి పోవచ్చు.

రైతులు పోగొట్టుకునేది ఎక్కువగా ఈ 21 రోజుల్లోనే. బోరు, పైపులైను, నాలుగు మామిడిచెట్లు ఉమ్మడి సర్వేలో రాయించుకోకపోతే తర్వాత వాటి ఊసు రాదు. పొలం రెండు ముక్కలై అవతల ముప్పై సెంట్లు మిగిలితే దానికి దారి లేదన్న సంగతి అప్పుడే రాసి ఇవ్వాలి. అర్జీతో పాటు ఎఫ్ఎంబీ (పొలం కొలతల పుస్తకం) నకలు, దాని మీద పాత బండిబాట ఎక్కడ రోడ్డును దాటుతుందో ఎర్ర ఇంకుతో గీత, అండర్‌పాస్ కావాలన్న కోరిక, కిలోమీటరు రాయి నంబరు ఉండాలి. ఒక కాపీ భూసేకరణ అధికారికి, ఒకటి రహదారి సంస్థ ప్రాజెక్టు డైరెక్టరుకు ఇచ్చి రెండింటికీ రసీదు తీసుకోవాలి. నోటిమాటగా సర్వేయరుకు చెప్పినది ఎక్కడా నిలవదు.

కానీ ఆ నోటీసు మీ పత్రికలో ఎలా వస్తోందో ఒకసారి చూడండి. నాలుగు నిలువు వరసల్లో, భూతద్దం పెడితే తప్ప కనబడని అక్షరాల్లో, సర్వే నంబర్లూ హెక్టార్లూ. ఊరి పేరు వెతుక్కోవడానికే పావుగంట. రైతుకు తన భూమి ఎకరాల్లో తెలుసు, 0.1214 హెక్టార్లంటే ముప్పై సెంట్లని ఎవరు చెప్పాలి? ప్రకటన మీరు మార్చలేరు, అది ప్రభుత్వం పంపినట్టే వేయాలి. అదే రోజు జిల్లా పేజీలో ఒక చిన్న పెట్టె కట్టి మండలం, ఊళ్ల పేర్లు, అభ్యంతరానికి ఆఖరి తేదీ, అర్జీ ఇవ్వాల్సిన ఆఫీసు, హెక్టారుకు 2.47 ఎకరాలన్న లెక్క వేయండి. ఆరు లైన్లు చాలు.

ఇట్లు,
విశ్రాంత రహదారి ఇంజినీరు,
ఒంగోలు